దీపం సైగ

కరీంనగర్
జూన్ 22

శ్యామూ,

కొత్త ఇంటి నుంచి మొదటి ఉత్తరం నీకే. మూడో అంతస్తు, రెండు గదులు, ఒక హాలు. గాలి బాగా వస్తుంది. గోదావరిఖని బొగ్గుగనుల కాలనీలో జీవితమంతా గడిపిన అమ్మీకి మాత్రం పెరడు లేని ఇల్లు ఇల్లే కాదట. తౌసీఫ్‌కు నచ్చింది. మా తమ్ముడికి ఏది నచ్చదు చెప్పు. వాడు పనిచేసే వెండి తీగల నగిషీ దుకాణం ఇక్కడికి దగ్గర, నడిచి వెళ్ళొస్తున్నాడు.

ఈ కాలంలో కూడా ఉత్తరాలేమిటని పక్కింటావిడ నవ్వింది. నువ్వు ఫోన్ ఎత్తాలంటే గుట్ట ఎక్కాలని ఆమెకేం తెలుసు. పైగా మనిద్దరం ఫోన్లో మాట్లాడుకుంటే తౌసీఫ్‌కు నా పెదాలు కదలడం తప్ప ఏం అందుతుంది? ఉత్తరమైతే నాకంటే ముందు వాడే చింపి చదువుతాడు.

అసలు సంగతి చెబుతాను. హైదరాబాద్‌లో సైగల భాష చదివాను కదా, దానికి ఫలితం వచ్చేలా ఉంది. ఒక సంస్థ వాళ్ళు నన్ను తీసుకుంటామన్నారు. వినపడని మనిషి ఎవరైనా ఆసుపత్రికో బ్యాంకుకో వెళితే అక్కడి తెర మీద నేను కనిపిస్తాను. ఆ మనిషి చేతులు చూసి నేను నోటితో చెప్పాలి, ఎదుటివాళ్ళ మాట విని చేతులతో చెప్పాలి. ఇంట్లో కూర్చునే చెయ్యొచ్చు. కానీ ఇంట్లో ఫైబర్ లైను ఉండాలి. ఆగస్టులో పరీక్ష పెడతారు. బొమ్మ ఆగిపోతే ఉద్యోగం లేదు. చేతుల భాషలో వేలు ఆగిందంటే మాట ఆగినట్టే, వాళ్ళను తప్పుపట్టలేను.

లైను వేయాలంటే గోడకు చిన్న బెజ్జం కొట్టాలి. ఓనరు హనుమండ్లు సేటుది సుల్తానాబాద్, బియ్యం వ్యాపారం. ఫోన్ చేసి అడిగితే ఆయనన్నది అక్షరాలా రాస్తున్నాను: "కిరాయికి ఇచ్చింది ఇల్లు బిడ్డా, గోడ కాదు."

అమ్మీ నీకు దువా చెప్పమంది.

ఫర్హీన్

*

చిన్నవాగుపల్లె, ఉట్నూరు దగ్గర
జులై 9

ఫర్రూ,

నీ ఉత్తరం బడి వరండాలో నిలబడే చదివేశాను. పిల్లలు చుట్టూ మూగి "టీచర్, ఎవలు రాసిండ్రు?" అని ఒకటే గోల. మా దోస్తు, చేతులతో మాట్లాడుతుంది అన్నాను. ఇక చూడు, మధ్యాహ్నం వరకు ఒక్కడూ నోరు తెరవలేదు, అందరూ చేతులే ఊపుకున్నారు. ఇంత ప్రశాంతంగా నా బడి ఎప్పుడూ లేదు.

నిన్ను చూస్తే నాకు గర్వంగా ఉంటుందే. కాలనీలో తౌసీఫ్‌ను పిల్లలు మూగోడా అని పిలిస్తే నువ్వు రాయి పట్టుకుని వెంటపడేదానివి. ఆ రాయి ఇప్పుడు ఉద్యోగం కాబోతోంది. ఆ సేటు గోడ ఎంత గట్టిదో గాని నీ మొండితనం ముందు నిలవదు.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. పత్తి విత్తుతున్నారు. వాగు పొంగితే పోస్టాయన అవతలి గట్టునే ఆగిపోతాడు, జవాబు ఆలస్యమైతే కంగారు పడకు.

ఒక్కటి అడుగుతాను, ఊరికే గుర్తొచ్చింది. మన క్వార్టర్ల వెనక తౌసీఫ్ కోసం మనమంతా కలిసి కట్టుకున్న సైగలున్నాయి కదా, అవి నీకు గుర్తున్నాయా? చెవులు రెండూ మూసుకుంటే దానర్థం ఏమిటి? బట్టలు పిండినట్టు చేస్తే అమ్మ అనే కదా? వివరంగా రాయి. మీ అమ్మీ, మా చాచీ ఆరోగ్యం జాగ్రత్త.

నీ శ్యామల

*

కరీంనగర్
ఆగస్టు 11

శ్యామూ,

లైను వచ్చింది. పరీక్ష కూడా అయిపోయింది, నెగ్గాను. ఎలా వచ్చిందో మొదటి నుంచీ చెబితేగాని నాకు తృప్తి ఉండదు.

లైను వేసే అబ్బాయి ప్రేమ్‌సాగర్ వచ్చిన ప్రతిసారీ గోడ దగ్గర నిలబడి, సేటుకు ఫోన్ చేసి, మొహం వేలాడేసుకుని వెళ్ళిపోయేవాడు. తలుపు సందులోంచి తీగ తియ్యమంటే, "అది లోపల అద్దం దారమక్కా, తలుపుల పడి నలిగితే ఇరుగుతది," అన్నాడు. సేటు పాట ఎప్పుడూ ఒకటే: "మొన్ననే పుట్టీ వెట్టించి రంగేయించిన. బెజ్జం పడితే వాన నీళ్లు గోడలకు దిగుతయ్."

ఒకరోజు ఆయనే చెప్పాపెట్టకుండా వచ్చాడు, మేము దొంగతనంగా కొట్టామేమో చూద్దామని. ఆ సమయానికి నేను ఫోన్ నెట్ మీద సాధన చేస్తున్నాను. తెర మీద ఒక పెద్దావిడ, వినపడదు, తన పెళ్ళి సంగతి చెబుతోంది. మంచి పట్టులో ఉండగా బొమ్మ ఆగిపోయింది. ఆవిడ చెయ్యి గాల్లో అట్లాగే ఉండిపోయింది. సేటు సోఫాలో కూర్చుని అమ్మీ ఇచ్చిన చాయ్ తాగుతూ చూస్తున్నాడు.

"గామె ఏమంటుంది బిడ్డా?"

"పెండ్లినాడు వాన వచ్చిందట సేటు. తర్వాత ఏమైందో తెల్వదు. బొమ్మ ఆగింది."

"మల్ల కలుపు."

కలిపాను. ఆవిడ నవ్వు మొహంతో మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ ఆగింది. సేటు కప్పు కింద పెట్టాడు. "పాపం, గామె చెప్పుకుంటనే ఉంటది, మనకు ముట్టదు. గిదేం అన్యాలం," అన్నాడు. కాసేపు హాలంతా అటూ ఇటూ తిరిగాడు. ఆ గోడకు ఆయనే తగిలించిన నిర్మల్ బొమ్మ ఉంది, నల్ల రంగు మీద బంగారు జింకలు. దాన్ని తనే దించాడు. "గీడ కొట్టుమను. బొమ్మ తగిలిస్తే బెజ్జం కనవడది. బయటి దిక్కు సిమెంటు మెత్తాలె, మరువద్దు."

ఆ రోజు నుంచి ఆయనంటే నాకు ఎంత గౌరవమో చెప్పలేను. వినపడని మనిషి గురించి జాలిపడేవాళ్ళను చాలామందిని చూశాను. మాట మధ్యలో తెగితే ఓర్చుకోలేకపోయినవాడు ఈయనొక్కడే.

ఇక తీగ అతికించే రోజు తౌసీఫ్ దుకాణం మానేసి కూర్చున్నాడు. రోజంతా వెంట్రుకంత వెండి తీగ వంచేవాడు కదా, అంతే సన్నని అద్దం దారాన్ని ప్రేమ్‌సాగర్ రెండు కొసలు కలిపి అతికిస్తుంటే వాడు కళ్ళు ఆర్పలేదు. ప్రేమ్‌సాగర్ కూడా మంచివాడు, అడక్కుండానే ఒక ముక్క వాడి చేతిలో పెట్టాడు. తర్వాత లైను సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఒక కొస నుంచి ఎర్ర వెలుగు పంపాడు. ఇంకో కొసన చుక్కలా వెలిగింది. తౌసీఫ్ పిడికిలి నుదుటికి పెట్టుకుని మెల్లగా వేళ్ళు విప్పాడు.

గుర్తుందా? గనిలోకి దిగేటప్పుడు టోపీకి పెట్టుకునే దీపం. మా అబ్బా మహమూద్‌కూ మీ బాపు రాజానికీ ఒకటే సైగ. ఇద్దరూ ఒకే షిఫ్టు కదా, ఎవరు ముందు కనిపిస్తే వాళ్ళ కోసం చేసేవాడు. అబ్బా పోయాక వాడు ఆ సైగ చెయ్యడం నేను చూడలేదు. అమ్మీ వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. నేను అక్కడే ఏడ్చాను.

నువ్వడిగినవి: బట్టలు పిండితే అమ్మ. మన అమ్మలు బొగ్గు బట్టలు పిండుతూనే ఉండేవాళ్ళు కదా. చెవులు మూసుకుంటే సాయంత్రం, ఇంటికొచ్చే వేళ. షిఫ్టు అయిపోగానే మోగే గని సైరన్‌కు మనం చెవులు మూసుకోవడం తౌసీఫ్ చూసేవాడు. సైరన్ వాడికి వినపడదు గాని, అందరూ చెవులు మూసుకున్నారంటే అబ్బా వస్తున్నాడని తెలుసు.

ఇంతకీ ఇవన్నీ ఎందుకడుగుతున్నావు?

ఫర్హీన్

*

చిన్నవాగుపల్లె
సెప్టెంబరు 4

ఫర్రూ,

ఎర్ర వెలుగు దగ్గర నేనూ ఆగిపోయాను. మా బాపు ఆ గని టోపీతోనే క్వార్టర్ మెట్లెక్కడం కళ్ళ ముందుకొచ్చింది. సేటుకు నా దండం చెప్పు. జింకల వెనక బెజ్జం పెట్టమన్న మనిషిని నేను మరిచిపోను.

నీ దగ్గర ఇంకా దాచలేను. నా బడిలో జమున అనే ఎనిమిదేళ్ళ పిల్ల ఉంది. పుట్టుకతోనే వినపడదు. వాళ్ళ నాన్న ఇస్తారి పత్తి కౌలు చేస్తాడు. నేను వచ్చేదాకా ఆ పిల్ల గడప దగ్గర కూర్చుని మేకల్ని చూసేది. ఆకలేస్తే గిన్నె చూపించడం, కోపమొస్తే గిన్నె విసరడం, అంతే ఆమెకున్న మాటలు.

జూన్ నుంచీ నాకు చేతికి వచ్చినవి నేర్పుతున్నాను. వచ్చినవంటే మన కాలనీవే, నాకు వేరేవి రావు. ఆ పిల్ల తెలివి చూడాలి నువ్వు. వాన, మేక, నీళ్ళు, ఒక్కసారి చూపిస్తే చాలు. అమ్మ నేర్పిన రోజు ఇంటి దాకా పిండుకుంటూనే పోయిందట. వాళ్ళమ్మ వాగు దగ్గర నిజంగానే బట్టలు పిండుతోంది. పిల్లను చూసి, తననే పిలుస్తోందని అర్థమై, తడి చేతులతో ఎత్తుకుందట. నాన్న కూడా నేర్పాను. ఇంకా చాలా కావాలి. రాసి పంపు.

శ్యామల

*

కరీంనగర్
సెప్టెంబరు 13

శ్యామలా,

నువ్వు దాచింది నాకు అర్థమయ్యే ఉంది, నీ నోటితో వినాలనే అడిగాను. నీ మీద ప్రేమ తగ్గలేదు. కానీ నువ్వు చేసేది తప్పు.

మనవి భాష కాదే. ఒక పెరటి మాటలు. ఆ పెరడూ లేదు, ఆ క్వార్టర్లూ లేవు. వాటిని చదవగలిగిన మనుషులు లోకంలో ఎందరున్నారు? నువ్వు, నేను, తౌసీఫ్, పెద్దవాళ్ళలో మిగిలిన అమ్మీ. పన్నెండేళ్ళప్పుడు తౌసీఫ్‌ను హనుమకొండ బడిలో వేశాం. అక్కడి పిల్లలంతా అసలైన సైగల భాష మాట్లాడుతుంటే వీడు పిండటం, దీపం, చెవులు మూసుకోవడం. పడి పడి నవ్వారట. ఆ తర్వాత ఏడాది పైనే వాడు చేతులు పైకెత్తలేదు. సెలవులకు వస్తే జేబుల్లో పెట్టుకుని కూర్చునేవాడు. అదంతా నువ్వు చూశావు. చూసి కూడా ఇంకో పిల్లకు అదే నేర్పుతున్నావా?

అసలైన సైగల బొమ్మలు దీంతో పంపుతున్నాను. ఇవి నేర్పు. ఆ పాతవి ఆపెయ్యి.

ఫర్హీన్

*

చిన్నవాగుపల్లె
సెప్టెంబరు 27

ఫర్హీన్,

బొమ్మలు అందాయి. నువ్వన్నది సరైనదే, కాదనను. కానీ బొమ్మలు చూసి నేను నేర్చుకునేదాకా ఆ పిల్లను చేతులు కట్టుకుని కూర్చోమననా?

దసరా సెలవులకు మంచిర్యాల వెళుతున్నాను. వచ్చాక రాస్తాను.

శ్యామల

*

కరీంనగర్
అక్టోబరు 8

శ్యామూ, నా బంగారూ,

కోపం పక్కన పెట్టి ఇది చదువు. కాల్స్‌లో జరిగింది బయట చెప్పకూడదని మాకు నియమం. కానీ ఆ మనిషే "గీ ముచ్చట మా టీచరమ్మకు రాయుండ్రి" అని రెండు చేతులూ జోడించి అడిగాడు. అందుకే రాస్తున్నాను.

నిన్న పొద్దున ఆదిలాబాద్ ఆసుపత్రి నుంచి కాల్ వచ్చింది. తెరలో డాక్టరమ్మ, గుండుతో ఒక మనిషి, ఆయన పక్కన ఒక చిన్న పిల్ల, ఆమెకూ గుండే. డాక్టరమ్మ చెప్పింది: "పాపకు వినపడదు. తలనొప్పి అంటున్నారు. స్కానింగ్ రాయాలా అని ఆలోచిస్తున్నాను. ఎక్కడ నొప్పో అడగండి."

ఆ మనిషి అందుకున్నాడు. "పొద్దుందాక తలకు గుద్దుకుంటది మేడం. నెల కావస్తుంది. జండూబాం రాసినం. కొండగట్టుకు పోయి మొక్కు చెల్లించినం, తలనీలాలిచ్చినం. ఏం తగ్గలే. నన్ను జూస్తే ఇంకెక్కువ గుద్దుకుంటది. నాకేం పాపం తగిలిందో అని పరేషాన్ అయితున్న."

నేను పాపకు నమస్తే చెప్పాను. ఆమె నా వంక చూసి, నాన్న వైపు తిరిగి, పిడికిలి నుదుటికి పెట్టుకుంది.

అదే ఫోన్ నెట్ అయితే అక్కడితో బొమ్మ ఆగేది. నుదుటికి కొట్టుకున్న పిడికిలి ఒక్కటే కనిపించేది. నేనూ తలనొప్పి అనే చెప్పేదాన్ని. కానీ బొమ్మ ఆగలేదు. పిడికిలి అక్కడే ఉండి వేళ్ళు ఒక్కొక్కటిగా విచ్చుకున్నాయి. మా అబ్బా టోపీ మీద దీపం వెలిగినట్టే.

నేను ఆ చెయ్యే చూస్తూ చెప్పాల్సింది మరిచిపోయాను. మాట చెప్పడానికే జీతం తీసుకునేదాన్ని. డాక్టరమ్మ "వినపడుతోందా?" అని అడుగుతోంది. ఈలోగా పాప రెండు చేతులతో చెవులు మూసుకుంది.

"చెవి కూడా నొస్తుందా?" అంది డాక్టరమ్మ.

"లేదమ్మా. పాపకు తలనొప్పి లేదు, చెవినొప్పి లేదు," అన్నాను. "ఆ మొదటి సైగకు అర్థం నాన్న. రెండోదానికి సాయంత్రం. నాన్నా, పొద్దుగూకేసరికి ఇంటికి రా అంటోంది."

పాపను నేనే మళ్ళీ మళ్ళీ అడిగి నిర్ధారించుకున్నాను, మన పెరటి సైగలతోనే. నొప్పా? కాదంది. ఎవరు ఇది? మళ్ళీ దీపం, వేలు ఆయన వైపు. డాక్టరమ్మ కూడా తల, చెవులు పరీక్షించి ఏమీ లేదంది.

మీరు ఇస్తారి కదా, ఈ సైగలు నేర్పిన టీచరు నా దోస్తే అని ఆయనకు చెప్పాను. ఇస్తారి అన్నాడు: "గింత కాలం నన్నే పిలిచిందా మేడం? నేను జండూబాం రాసుకుంట కూసున్న." పత్తి పనికి పోయి ఆయన చీకటి పడ్డాక గాని ఇంటికి రాడట. ఆ పిల్ల గడపలో కూర్చుని ఎదురుచూస్తుందట. తన పిడికిలి నుదుటికి పెట్టుకుని "గిట్లనా?" అని నన్నడిగాడు. వేళ్ళు విప్పాలి అన్నాను. విప్పాడు. పాప ఆయన మోకాళ్ళ మీదికి ఎక్కి ఆ చెయ్యి పట్టుకుని మళ్ళీ పిడికిలి చేసి మళ్ళీ విప్పింది. ఎన్నిసార్లు చేసిందో.

నిన్ను తిట్టాను. ఆ సైగ చదవగలిగిన నలుగురిలో ఒకరి తెర మీదికే అది వచ్చింది, నిజం. ఇంకెవరి దగ్గరికి వెళ్ళినా స్కానింగే, అదీ నిజం. కానీ ఎనిమిదేళ్ళుగా పిలవడానికి దారి లేని పిల్లకు నాన్నను పిలవడం నేర్పావు. అంత పని నేను ఇన్నేళ్ళ చదువుతో ఎవరికీ చెయ్యలేదు. నీ ముందు నేను చాలా చిన్నదాన్ని.

ఫర్రూ

*

చిన్నవాగుపల్లె
అక్టోబరు 24

ఫర్రూ,

చిన్నా లేదు పెద్దా లేదు, ఊరుకో. ఉత్తరం చదివి నేను ముందు ఏడ్చాను, తర్వాత నా తలకు నేనే కొట్టుకున్నాను, ఇది మాత్రం సైగ కాదు. అమ్మ సైగ ఎవరూ చెప్పకుండానే వాళ్ళమ్మకు అర్థమైంది. ఏ ఊళ్ళోనైనా అమ్మలు బట్టలు పిండుతారు. ఇస్తారి జన్మలో నెత్తిన దీపం పెట్టుకున్నాడా? ఆ ముక్క నాకు తట్టలేదు. నాకు నాన్న అంటే దీపమే. నీ తిట్లకు ఉడుక్కుని వాళ్ళింటి గడప కూడా తొక్కలేదు. తొక్కి ఉంటే ఆ మనిషికి అన్ని రోజుల దిగులు తప్పేది.

బడి తెరిచిన రోజే ఇస్తారి వచ్చాడు. "టీచరమ్మా, నీ దోస్తు దేవత లెక్క. గా టీవీలకెళ్లి నా బిడ్డ మాట నాకు చెప్పింది," అన్నాడు. ఇప్పుడు చీకటి పడకముందే చేను దిగుతున్నాడు. నిన్న సాయంత్రం నేను కళ్ళారా చూశాను. ఆ చివర గట్టు మీదే ఆగి నుదుటికి పిడికిలి పెట్టి విప్పాడు. ఈ చివర గడపలోంచి ఆ పిల్ల ఒక్కటే పరుగు.

అసలైన సైగలు కూడా మొదలుపెట్టాను, నీ మీద ఒట్టు. నీ బొమ్మల్లో నాన్న అంటే మీసం దువ్వాలి కదా. జమునకు అది చూపిస్తే ఇస్తారి వంక ఎగాదిగా చూసి ఒకటే నవ్వు. కొండగట్టులో గుండుతో పాటు ఆయన మీసం కూడా ఇచ్చొచ్చాడు. మీసం మొలిచాక నేర్పుదామని దాన్ని వాయిదా వేశాను.

నిన్ను అడగాల్సింది ఒకటే మిగిలింది. నేను బొమ్మలు చూసి నేర్పితే ఎంతవరకు? ఉట్నూరులో మా ఆడపడుచు ఇంట్లో లైను ఉంది. నువ్వు నేర్పుతావా?

శ్యామల

*

కరీంనగర్
నవంబరు 2

శ్యామలక్కా,

నేను తౌసీఫ్. ఈసారి జవాబు నేను రాస్తానని చెప్పి అక్క దగ్గర పెన్ను తీసుకున్నాను.

హనుమకొండ బడిలో నన్ను చూసి నవ్వింది నిజం. అక్క నీకు రాసింది అంతవరకే. తర్వాతది అక్కకు తెలియదు. నవ్విన పిల్లల్లోనే ఒకడు నా దగ్గరికి వచ్చి, దీపం అంటే ఏమిటని అడిగాడు. నేను చెప్పాను. వాడు మీసం చూపించాడు. అట్లా నాకు ఆ భాష వచ్చింది. మా బడికి చేతులు కట్టుకుని వచ్చిన పిల్లలు కూడా ఉన్నారు. ఇంట్లో వాళ్ళకు ఎవరూ ఏమీ నేర్పలేదు. వాళ్ళను చూసి ఎవరూ నవ్వలేదు. వాళ్ళను ఎవరూ ఏమీ అడగలేదు కూడా. నాకు ముందు మీరిచ్చిన మాటలు ఉన్నాయి. అందుకే రెండోవి పట్టుకోగలిగాను.

అబ్బా పోయాక ఆ సైగ నేను దాచిపెట్టాను. ఎవరి కోసం చెయ్యాలో తెలియలేదు. ఇప్పుడు చిన్నవాగుపల్లెలో ఒక నాన్న ఉన్నాడు. నాకు చాలా సంతోషంగా ఉంది.

నిన్న హనుమండ్లు సేటు కిరాయికి వచ్చాడు. అక్క మొత్తం చెప్పింది. ఆయన జింకల బొమ్మ పక్కకు జరిపి బెజ్జం చూసుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి పిడికిలి నుదుటికి పెట్టాడు. వేళ్ళు విప్పడం మరిచిపోయాడు. నేను నేర్పాను.

ఆదివారం జమునను, వాళ్ళ నాన్నను ఉట్నూరుకు తీసుకురా. అక్కకు ఆ రోజు సెలవు, కానీ తెర ముందు నేను కూర్చుంటాను. మీసం సైగ నేను నేర్పుతాను. ముందు మాత్రం మేమిద్దరం దీపం చేసుకుంటాం.

నీ తమ్ముడు
తౌసీఫ్